సప్పుడు లేని తావు

తను పనిచేసే పత్తి జిన్నింగ్ మిల్లుకు సెలవున్న ప్రతి ఆదివారం ఉరుకుందు చెప్పకుండా ఇల్లు వదిలిపోతున్నాడు. ఒక వారం చర్చి వెనక, ఇంకో వారం శ్మశానం దగ్గర కనిపించాడని ఆదోని బజారులో ఎవరో ఒకరు అతని పెళ్లాం లావణ్య చెవిన వేస్తూనే ఉన్నారు.

ఈ వారం ఆమె వెంటపడింది. మార్కెట్ యార్డు దాటి, కొండెక్కి, అతను ఒక బండ మీద కూర్చునేదాకా వెనకే నడిచింది. అతని పక్కన ఎవరూ లేరు. రావాల్సినామె ఇంకా రాలేదనుకుని తుమ్మచెట్టు చాటున నిలబడింది.

ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. ఇక ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఎవురి కోసరం కాసుకోనుండావప్పా?"

అతను తిరిగి చూడలేదు. ఇంట్లోనూ ఇంతే. పిలిస్తే పలకడు, పలికితే అరుస్తాడు. ఆమె విసవిసా వెళ్లి భుజం పట్టి గుంజింది.

"యాడుందప్పా అది?"

ఉరుకుందు ఉలిక్కిపడి లేచాడు. ఆమె పెదాల వంకే చూశాడు.

"ఎవురూ లేరు మే. రవ్వంత సప్పుడు లేని తావు కోసరం తిరుగుతాండాను. ఊర్లో యాడా దొరకల్యా." కొండ కిందున్న మిల్లు వైపు చేయి చూపాడు. "ఇంత పైకొచ్చినా ఆ మిషన్ల మోత ఇడిసిపెట్టల్యా. నీకూ ఇనపడతాంది గదా?"

లావణ్య కిందికి చూసింది. మిల్లు షెడ్లన్నీ మూసి ఉన్నాయి. ఆవరణలో మనిషి లేడు. కొండ మీద గాలి కూడా లేదు.

ఆమె అతని పక్కన కూర్చుంది. అతనికి వినపడేంత గట్టిగా చెప్పింది.

"ఇనపడతాంది."