అరుగుదల

“ఇలా వచ్చి చూడు, మొహం మళ్ళీ అలుక్కుపోయింది,” అన్నారు మా ఆయన, కంప్యూటర్ ముందు కూర్చుని.

పోయిన మొదటి భార్యది ఆయన దగ్గర అదొక్కటే ఫొటో. రోజూ తెరిచి, కాస్త వెలుగు పెంచి, సేవ్ నొక్కుతారు. జేపెగ్ ఫొటోని అలా సేవ్ చేసినప్పుడల్లా కొంచెం కొంచెం చెరిగిపోతుంది. స్టూడియోలో పనిచేసే నాకు ఆ సంగతి తెలుసు. చెప్పలేదు. ఆవిడ ముక్కు మసకబారిన రోజు నా కడుపు చల్లబడింది కూడా.

“కదలని ఆవిడకేమో రోజూ దర్శనం. మూడు గంటలు కదిలే మన పెళ్ళి వీడియో చూడ్డానికి మాత్రం మీకు తీరిక దొరకదు,” అన్నాను.

ఆయన గొంతు తగ్గింది. “దీన్ని చూసి చూసి ఇలా అరగ్గొట్టాను. అదీ అరిగిపోతే నాకేం మిగుల్తుంది? అందుకే ముట్టుకోలేదు.”

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

“చూస్తే అరగదండీ, పిచ్చి మారాజా! వీడియో అయినా, ఫొటో అయినా. మీరు సేవ్ నొక్కబట్టి ఇది చెరిగింది.”

“నీకెప్పట్నుంచి తెలుసు?”

“మొదట్నుంచీ.”

నేను లోపలికెళ్ళి నా పెన్‌డ్రైవ్ తెచ్చి చేతిలో పెట్టాను.

“చెరగని కాపీ ఇందులో ఉంది. కాపురానికొచ్చిన కొత్తలో దొంగతనంగా తీసుకున్నాను.”

“ఎందుకు?”

“ఇద్దరిలో ఎవరు అందగత్తో తీరిగ్గా చూసుకుందామని.”

“మరి తేలిందా?”

“అక్కే,” అన్నాను.