అప్పయమ్మ సాక్ష్యం

"లెగు వదినా, సాక్ష్యం చెప్పు" అంటూ కృపమ్మ పక్కనున్న అప్పయమ్మను మోచేత్తో పొడిచింది.

తెలుగువాళ్ళ బస్తీ ఖుర్సీపార్‌లో అప్పయమ్మ ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టారు. ఆమె కొడుకు చినబాబుకి స్టీల్ ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. టెన్త్ పాసైనవాళ్ళకి ఇచ్చే ఉద్యోగం. వెనక వరసలో కూర్చున్న కృపమ్మ మొగుడు కొర్నేలికి మాత్రం పాట గొంతు దాటడం లేదు. అదే ప్లాంటులో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి, బి.కాం. చదివిన కొడుకున్న మనిషి, పక్కింటి కుర్రాడి టెన్త్ ఉద్యోగం కోసం చప్పట్లు కొట్టాల్సి రావడం ఏం ఖర్మో అతనికి అర్థం కాలేదు.

అప్పయమ్మ లేచి కొంగు నెత్తిమీద వేసుకుంది.

"అయ్యగారికీ అందరికీ వందనాలు. మా ఓడు బి.ఏ. సదివినా ఉజ్జోగం లేదు. ఈ పోస్టుకేమో టెన్త్ కన్నా ఎక్కువ సదివినోళ్ళు పనికిరారన్నారు. అప్పుడు దేవుడే ఆడికి బుద్ధి పుట్టించి, ఒట్టి టెన్తే అని రాయించినాడు. ఆయనకే స్తోత్రం."

చినబాబు వెనకనుంచి తల్లి చీర పట్టుకు లాగుతున్నాడు. ఆవిడ పట్టించుకోలేదు. జనం అలవాటుకొద్దీ "స్తోత్రం" అన్నారు. అందరికంటే గట్టిగా కొర్నేలి అన్నాడు. ఆ సాయంత్రం అతనికి ప్రాణం లేచొచ్చింది అప్పుడే.

ఇంటికి చేరేదాకా ఆగలేకపోయాడు.

"విన్నావేటి? డిగ్రీ దాచి సేరినాడట. తెలిస్తే పీకీస్తారు."

"మనకెందుకండీ. మన కెల్విన్‌తో కలిసి పెరిగిన పిల్లడు."

"అందుకే ఒళ్ళు మండతంది. మనోడు దుర్గ్‌లో సేటు కాడ లెక్కలు రాసుకోవాల, ఆడు పర్మనెంటు అయిపోవాల."

కొత్త రాష్ట్రం వస్తే రాజధాని రాయపూర్‌లో ఆఫీసుల మీద ఆఫీసులు తెరుస్తారని, డిగ్రీవాళ్ళని పిలిచి కుర్చీలో కూర్చోబెడతారని కొర్నేలి వీధంతా చెప్పుకొచ్చాడు. కొడుకు పాసైన వారమే గేటుకి 'కె. కెల్విన్, బి.కాం.' అని బోర్డు రాయించి తగిలించాడు. రాష్ట్రం వచ్చి మూడేళ్ళయింది. ఏ ఆఫీసూ పిలవలేదు. ఎవరైనా అడిగితే "కంపెనీ అకౌంట్లు చూస్తన్నాడు" అని చెప్పి మాట మార్చేస్తాడు.

కెల్విన్ కూడికకి రాలేదు. సేటు పనికి వేళాపాళా లేదు. పొద్దున్నే ఎర్రటి కళ్ళతో వచ్చి, గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఆ బోర్డు తీసీ నాన్నా. ఎన్నిసార్లు చెప్పాల?"

కొర్నేలి మనసు చివుక్కుమంది. చదివిన చదువు చెప్పుకోవడానికి తన కొడుకు సిగ్గుపడాల్సి వచ్చింది. అంతా ఆ చినబాబు వల్లే.

"సిగ్గు పడాల్సింది నువ్వు కాదురా, ఆడు. డిగ్రీ దాచి దొంగ ఉజ్జోగం కొట్టినాడు."

కెల్విన్ మొహం పాలిపోయింది. "ఎవలు చెప్పినారు?"

"ఆళ్ళమ్మే. అందరి ముందూ."

"ఛోడ్ దో నాన్నా, వదిలీ. ఎవలితోనూ అనకు. ఆడి పొట్ట కొట్టకు."

ఎంత మంచివాడు నా కొడుకు అనుకున్నాడు కొర్నేలి. ఇంత మంచివాడికి ఏమీ లేక, ఆ దొంగకి అన్నీ ఉండటం చూసి కడుపు మరింత రగిలింది.

కెల్విన్ పడుకోగానే పవర్‌హౌస్ బజారు దాకా నడిచి, తెలిసినవాళ్ళు లేని ఎస్టీడీ బూత్ చూసుకుని, ప్లాంటు విజిలెన్సుకి ఫోన్ చేశాడు. తన పేరు చెప్పలేదు. చినబాబు పేరు, అతను చదివిన కాలేజీ పేరు విడమరిచి చెప్పాడు. ఒక్కడినే ఎందుకు, అతనితో చేరిన బ్యాచ్ మొత్తాన్నీ తిరగేస్తామంది అవతలి గొంతు. "జీ సార్, జీ సార్" అన్నాడు కొర్నేలి. వస్తూ దారిలో జిలేబీ కట్టించుకొచ్చాడు. ఎందుకని కృపమ్మ అడిగితే ఊరికే అన్నాడు.

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం అప్పయమ్మ ఇంట్లోంచి ఏడుపు వినిపించింది. కృపమ్మ పరుగెత్తింది. కొర్నేలి వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అయ్యో పాపం అనుకుందామని చూశాడు గానీ, కడుపు చల్లబడ్డ మనిషికి ఆ మాట ఎక్కడినుంచి వస్తుంది?

అంతలో కెల్విన్ వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు.

"చినబాబు ఉజ్జోగం పోయిందేటి?" అడిగాడు కొర్నేలి, గొంతులో సంతోషం బయటపడకుండా.

"పోయింది."

"పోదా మరి. ఎన్నాళ్ళు దాస్తాడు?"

"ఆడొక్కడిదే కాదు నాన్నా. డిగ్రీ దాచినోడు ఇంకొకడు కూడా దొరికినాడు. ఆణ్ణీ తీసేసినారు."

కొర్నేలి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"మన తెలుగోడేనా? ఎవడి కొడుకురా?"

కెల్విన్ తలెత్తి తండ్రి మొహంలోకి చూశాడు.

"నీ కొడుకే నాన్నా."