ఉరుసులో తీసిన రీలు

పెనుకొండ దర్గా ఉరుసులో యూనస్ వాళ్ల నాయన తప్పిపోయాడు. మతిమరుపు మనిషి. వెతకాలంటే ఫోటో కావాలన్నారు స్టేషన్‌లో. ఇంట్లో ఒక్కటీ లేదు. ఉరుసులో తాను తీసిన ఫిల్ము రీలు హిందూపురం స్టూడియోలో కడిగించుకుని, యూనస్ నేరుగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"నాకు చూసే ధైర్యం లేదు మామా, నువ్వు చూడు. యాడో ఒక మూల నాయన ఉంటాడు."

మాకిద్దరికీ కెమెరా పిచ్చి. నాకు చదువు రాదు గానీ, ఎవరి ఫోటో ఎట్లుందో ముఖానే చెప్పేస్తాను. యూనస్‌కు నా మాటంటే గురి.

ఒక్కొక్కటే చూశాను. గాజులమ్మే అవ్వ, ఫకీరు, మిఠాయి కోసం ఏడ్చే పిల్ల. ప్రతి ముఖంలోనూ ప్రాణముంది. వాళ్ల నాయన మాత్రం లేడు. మళ్లీ మొదటి నుంచి చూశాను. లేడు.

"ఏమబ్బా, దినమంతా పక్కనే ఉన్న మనిషిని ఒక్క తూరన్నా తియ్యలేదా?" అని కసిరాను.

"తియ్యరా అని ఎదురుగా వచ్చి నిలబడినాడు మామా. పక్కకు జరుగు నాయనా అంటి." యూనస్ నా వైపు తిరిగాడు. "మనోళ్లయితే కెమెరా చూసి బిగుసుకుపోతారు, పరాయోళ్లనే తియ్యమని నువ్వే చెప్తివి గదా."

అన్నీ నేను చెప్పినట్టే తీశాడు. ఒక్కదాంట్లోనూ తప్పు లేదు.