ఫ్రెంచోడి ఉల్టా బొమ్మ

"మెషిన్ ఆపు" అన్నాడు పోలీసు అమీను, తెరకు అడ్డంగా వచ్చి నిలబడి.

ఊరూరా తిరిగి సినిమా ఆడించే అబ్దుల్ కరీం హ్యాండిల్ వదిలేశాడు. ఇబ్రహీంపట్నం సంతబజారులో కట్టిన తెల్లగుడ్డ మీద బొమ్మ ఆరిపోయింది కానీ ఈలలు ఆగలేదు. ఆగుతాయా మరి? ఆ సినిమాలో పొగ తిరిగి పొయ్యిలోకి దూరింది. ఒలికిన నీళ్లు లేచి కుండలోకి పోయాయి. అంతవరకు జనం కడుపుబ్బ నవ్వారు. ఆ తర్వాత ఓ పెద్ద మేడలోంచి కూలీలు ధాన్యం బస్తాలు మోసుకుని, వీపు ముందుగా వెనక్కి వెనక్కి నడుస్తూ, ఎవరి గుడిసెకు వాళ్లు చేరారు. అప్పుడు మాత్రం జనం నవ్వడం మాని లేచి నిలబడ్డారు. నిజాం సర్కారు లెవీ పేరు చెప్పి ఊరి జొన్నలన్నీ ఊడ్చి కోటలాంటి దొర గడిలో పోసి ఎన్నాళ్లో కాలేదు మరి. లెవీకి తన జొన్నలు పోగొట్టుకున్న ఈదమ్మయితే ఆ బస్తాల్లో ఒకటి తనదేనని, మూతి కుట్టిన తీరు చూసి పోల్చుకున్నానని అందరికీ వినపడేలా చెప్పింది.

"ఇది దొరల మీదికి జనాన్ని ఎగదోసే సంగపోళ్ల సినిమా. మెషిన్ ఠాణాకు పోతది. దాని ఎనక నువ్వు పోతవ్" అన్నాడు అమీను.

ఆ మెషినే కరీం సేద్యం. అది పోతే ఇంట్లో పెళ్లాం లాల్ బీ పొయ్యి మీద ఎసరు పెట్టే పనే ఉండదు. సినిమా ఇచ్చిన హైదరాబాదు సేటు చెప్పిందంతా గడగడా అప్పజెప్పాడు. ఫ్రాన్సులో ఎవరో కళాకారుడు ప్రయోగమని లోకాన్ని వెనక్కి నడిపించి తీశాడట. పట్నం క్లబ్బులో చూసిన పెద్దలు కొందరు ఆహా అన్నారట, మిగిలినవాళ్లు కునుకు తీశారట.

అమీను నమ్మలేదు. చేతిడబ్బు పోసి సినిమా వెనక్కి తీసే పిచ్చివాడు భూమ్మీద ఉండడని అతని నమ్మకం.

"నువ్వే హ్యాండిల్ ఉల్టా తిప్పినవ్."

"అల్లా కసమ్ సాబ్, ఫ్రెంచోడే గట్ల తీసిండు."

"అయితే సీదా చేసి సూపియ్. ఇప్పుడే."

కరీంకు ప్రాణం లేచొచ్చింది. ఉల్టా తీసిన బొమ్మను ఉల్టా తిప్పితే సీదా కాక ఏమవుతుంది! రేపు ఎవరూ మాట మార్చకుండా సాక్ష్యం ఉండాలని అమీను తన జవాన్లనీ, గడి కావలివాళ్లనీ ఒక్కరిని మిగల్చకుండా పిలిపించి ముందు వరసల్లో కూర్చోబెట్టాడు. ఊరివాళ్లు మాత్రం చూసిన బొమ్మే కదా అని ఒక్కొక్కరే జారుకున్నారు. కళ అంటే గౌరవం లేని ఊరని కరీం నొచ్చుకున్నాడు. చివరగా లేచిన ఈదమ్మ అతని పక్కన ఆగింది.

"కరీమన్నా, జర నిమ్మళంగ తిప్పు."

తన రెక్కల మీద ఆమెకెంత దయ అనుకుని కరీం నిమ్మళంగానే తిప్పాడు. బస్తాలన్నీ బుద్ధిగా గుడిసెల్లోంచి మేడలోకి నడిచాయి. జవాన్లు చప్పట్లు కొట్టారు. గిది సినిమా అంటే అని అమీను మురిసిపోయి, ఇంకోసారి వేయించుకుని మరీ చూశాడు.

తెల్లారి కరీం మెషిన్‌ను బండికెక్కిస్తుండగా జవాను వచ్చి గడి దగ్గరికి లాక్కుపోయాడు. అక్కడ ధాన్యం కొట్టులో ఒక్క గింజ లేదు. రాత్రి ఆడిన బొమ్మకూ దీనికీ ఎవడైనా ముడిపెడితే మెషిన్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

మొన్నటి వానకు నానిన వాకిలి నిండా అడుగులే. జాడలు తీయడంలో గడి కావలి ఎల్లయ్యను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. అతను వంగి, కావలివాళ్ల చెప్పుల జాడలు పక్కనపెట్టి, వాకిలంతా కలియదిరిగి, నడుము పట్టుకుని లేచాడు. దొంగలు యాచారం వైపు పోయారా, అబ్దుల్లాపూర్ వైపు పోయారా అని అమీను కసిరాడు.

ఎల్లయ్య తల గోక్కున్నాడు.

"అడుగులన్ని గడి లోపలికే పోయినయ్ సాబ్. బయటికొచ్చినోడు ఒక్కడు గూడ లేడు."