తోక తెగిన అక్షరాలు

ఎదురుగా మూతబడిన కొట్టు మెట్ల మీద కూర్చుని ముసలాయన నోటుబుక్కు తెరవగానే పెయింటరుకి ఒళ్ళు మండింది.

వరసగా ఇది ఆరో రోజు.

సరిగ్గా పదింటికి వస్తాడు. పెయింటరు కొట్టు మీదున్న బోర్డు వైపు గుడ్లప్పగించి చూస్తాడు. ఎడమచేత్తో ఏదో గీసుకుంటాడు. మధ్యాహ్నానికి లేచి పోతాడు. ఇన్నాళ్ళలో ఒక్క పలకరింపు లేదు.

ఆ బోర్డంటే పెయింటరుకి ప్రాణం. స్టిక్కర్లూ లైటు బోర్డులూ వచ్చి, ఊళ్ళో పెయింటర్లందరూ కుంచెలు మూలపడేశాక కూడా తన కొట్టు నడుస్తోందంటే, ఆ అక్షరాల కోసం జనం వెతుక్కుంటూ రాబట్టే. పొట్ట నిండుగా ఉండి, తోక దగ్గర టక్కున తెగిపోయే అక్షరాలు. ఇది ఫలానావాడి చెయ్యి అని చూడగానే చెప్పేస్తారు.

పోయినేడు ఒక స్టిక్కర్ల కంపెనీ వాడు వచ్చి, టీ తాగి, తీయగా మాట్లాడి, వాటిని ఫోటోలు తీసుకుపోయాడు. నెల తిరక్కుండా అవే అక్షరాలు ఊళ్ళో సగం కొట్లకి అతుక్కున్నాయి. అడగబోతే, అక్షరాల మీద నీ పేరు రాసుందా అన్నాడు. ఆ మంట ఇంకా ఆరలేదు.

ఇప్పుడు ఈయన తయారయ్యాడు.

పెయింటరు కుంచె డబ్బాలో పడేసి విసురుగా రోడ్డు దాటాడు. నోటుబుక్కు లాక్కుని చూశాడు. అనుమానం నిజమే. వంకరటింకరగా, వణుకుతూ ఉన్నాయి గానీ, పేజీల నిండా తన అక్షరాలే.

“ఎవరు పంపారు నిన్ను?”

ముసలాయన నోరు ఒక పక్కకి లాగింది. మాట ముద్దగా వచ్చింది. “ఆ తోక... ఎందుకు కోశావు?”

చేసేది దొంగతనం, పైగా వంకలు పెట్టడం. పెయింటరుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“అది నా పద్ధతి. ఎవడి దగ్గరా నేర్చుకున్నది కాదు. నా బుర్రలోంచి పుట్టింది.”

ముసలాయన నవ్వాడు.

ఆ నవ్వే కొంప ముంచింది. పెయింటరు పేజీలన్నీ పరపరా చింపి పక్కనున్న కాలవలో పారేశాడు. ఒకరి కష్టం తేరగా ఎత్తుకుపోవడానికి సిగ్గుండాలన్నాడు. ఈ వయసులో ఇదేం బుద్ధి అన్నాడు. ఇంకోసారి కనబడితే పోలీసుల్ని పిలుస్తానన్నాడు. కొట్లవాళ్ళు పని మానుకుని చోద్యం చూశారే గానీ, పోనీలే పెద్దాయన అని ఒక్కడూ అనలేదు.

ముసలాయన గోడ పట్టుకుని లేచాడు. మిగిలిన అట్ట చంకలో పెట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ కాలు చూసైనా ఆగాల్సింది. కోపం నెత్తికెక్కినవాడికి కాలేం కనిపిస్తుంది.

నాలుగో రోజున ఒకావిడ కొట్లోకి వచ్చింది. ముసలాయన కూతురట. పోట్లాటకేమోనని పెయింటరే ముందు గొంతు పెంచాడు. ఆవిడ పోట్లాడలేదు. చింపిన కాగితాలు ఏమైనా మిగిలాయా అని మాత్రం అడిగింది.

పక్షవాతం వచ్చి తండ్రికి కుడిచెయ్యి పడిపోయిందట. ఎడమచేత్తో రాయించమని డాక్టరు చెప్తే, ఏడాదిపాటు పెన్సిలు ముట్టలేదట. ఈ బోర్డు కంటబడ్డాకే ముట్టాడట.

“ఇప్పుడు మళ్ళీ మానేశారు. పెన్సిలు చేతికిస్తే అటు తిరిగి పడుకుంటున్నారు.”

పెయింటరు కోపం ఇంకా దిగలేదు. ఊళ్ళో ఇన్ని బోర్డులుండగా నా అక్షరాలే ఎందుకు కావాల్సొచ్చాయన్నాడు.

“మీ తోకలు చూసి ఇంటికొచ్చి ఒకటే నవ్వు. పాత సబ్బుల ఫ్యాక్టరీ గోడ మీద, అక్షరాల కింద పొడుగునా నీళ్ళ గొట్టం ఉండేదట. అది అడ్డొచ్చి అక్కడ తోకలు ఆగిపోయాయట. గొట్టం లేనిచోట కూడా కోసేశాడు పిచ్చినాయన అని.”

పెయింటరుకి ఆ గోడ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు బడి బస్సు కోసం రోజూ ఆ గోడ ముందే నిలబడేవాడు. సుద్దముక్కతో రోడ్డు మీద ఆ అక్షరాలే దిద్దేవాడు. గొట్టం సంగతి పట్టించుకోలేదు. ఫ్యాక్టరీ కూల్చేశాక ఆ గోడ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. నా సొంతం, నా సొంతం అని చెప్పగా చెప్పగా ఆ అబద్ధం తనకే నిజమైపోయింది. స్టిక్కర్లవాణ్ణి ఏడాదిగా తిడుతున్న తిట్లన్నీ ఒక్కసారిగా తనకే తగిలాయి. తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఆ గోడ సంగతి మీ నాన్నగారికెలా తెలుసు?” అన్నాడు, తెలుస్తూనే ఉన్నా.

“రాసింది ఆయనేగా, ఆయన రాసిన గోడలన్నీ పోయాయి, తన చెయ్యి ఎలా ఉండేదో చూసుకోడానికి మీ బోర్డొక్కటే మిగిలింది” అంది ఆవిడ.