అమాస గ్రాఫు

“జర మెల్లగ, బిడ్డా. అండ్ల వాడున్నడు.”

మల్లేశం సెల్‌ఫోన్ లైటు పట్టుకుని కోడలి భుజం మీదుగా చూస్తున్నాడు. వసంతలక్ష్మి ల్యాప్‌టాప్‌ను బోర్లించి, ఒక్కో స్క్రూ విప్పి పోపులడబ్బా గిన్నెల్లో వేరువేరుగా వేస్తోంది.

“డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌ల ఎక్కించిన మామా. ఫికర్ చెయ్యకున్రి.”

“భువనగిరి షాపాయనకు ఇస్తే కాదా?”

“రెండు రోజులు ఉంచుకుంటడంట. రేపే అమాస.”

“అవును గద,” అన్నాడు మల్లేశం. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

వసంతలక్ష్మి భర్త మహేశ్ చౌటుప్పల్ దగ్గర బండి ప్రమాదంలో పోయి ఎనిమిది నెలలు. ఇంట్లో మిగిలింది ఈ మామాకోడళ్లే. అమావాస్య నాడు పుట్టపాకలో వాళ్ల వాడంతా మగ్గం ముట్టదు. మహేశ్ మాత్రం ఆ రోజే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చీరలకు గళ్లగళ్లుగా కొత్త డిజైన్ గ్రాఫులు గీసేవాడు. అమాస నాడు అదీ పనేనని తండ్రి తిట్టేవాడు. “గిది మగ్గం కాదు బాపూ,” అని కొడుకు నవ్వేవాడు. గ్రాఫు గీయడం ఇంట్లో ఇద్దరికీ నేర్పింది అతనే.

అతను పోయాక రెండో అమావాస్య పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే కొత్త గ్రాఫు ఉంది. తారీఖు ఆ రోజుదే. వసంతలక్ష్మి మామను పిలిచింది. ఆయన చాలాసేపు చూశాడు.

“మావోని చెయ్యే,” అన్నాడు, ఆమె కళ్లలోకి చూడకుండా.

గీసింది మామేనని ఆమెకు అప్పుడే అర్థమైంది. అంతదాకా ముద్ద సరిగా ముట్టని మనిషి ఆ రోజు మారు అడిగి అన్నం పెట్టించుకున్నాడు. మర్నాడే మగ్గం గుంటలోకి దిగాడు. అమావాస్య నాడు నూలుపోగు తాకని మనిషి, కొడుకు ఇంకా ఉన్నాడనిపించడానికి తన నియమాన్నే తప్పాడు. కాదనడానికి ఆమెకు మనసొప్పలేదు.

“అవును మామా. ఆయన చెయ్యే,” అంది.

అలా ఆరు అమావాస్యలు, ఆరు గ్రాఫులు.

ఈ మధ్య ల్యాప్‌టాప్ డిస్కు చెడిపోతూ టిక్కుటిక్కుమంటోంది. అది ఆగిందంటే గ్రాఫులు ఆగుతాయి. మామ మళ్లీ కంచం ముందు నుంచి లేచిపోతాడు. ఆమె భయమంతా అదే.

బ్యాటరీ తీగ ఊడదీసింది. పాత డిస్కు తీసి, కొత్త ఎస్‌ఎస్‌డీని ఆ జాగాలోనే జరిపి నొక్కింది.

“గిదేంది, ఖాళీ డబ్బీ లెక్క గింత తేలికుంది?”

“గిండ్ల తిరిగేటిదేం లేదు మామా. సప్పుడు రాదు.”

“సప్పుడు లేకుంటే వాడున్నట్టు ఎట్ల తెలుస్తది?”

ఆమె వెనక పలక అమర్చింది. స్క్రూలు బిగించి, విండోస్ ఎక్కించింది. తెర మీద పాస్‌వర్డ్ పెట్టమని వచ్చింది. చేతికి వచ్చింది కొట్టేసింది: ఎవరూ లేనప్పుడు మహేశ్ తనను పిలిచే పేరు. డిజైన్లు కాపీ చేసి మూత మూసింది.

అమావాస్య పొద్దున మెలకువ రాగానే గుర్తొచ్చింది. మామకు పాస్‌వర్డ్ చెప్పలేదు. పోయి ల్యాప్‌టాప్ తెరిచి, ఆ పేరు కొట్టింది.

ఏడో గ్రాఫు ఉంది. నల్లంచు, ఎర్రగళ్లు, కొంగుదాకా పూర్తిగా.

వసంతలక్ష్మి ఊపిరి పీల్చుకుంది. నిన్న లైటు పట్టుకున్నప్పుడు మామ తన వేళ్లు చూసి ఉంటాడు. ఆ పేరు ఆయనకు తెలిసిపోయిందని కాస్త సిగ్గేసింది. ఇక ఈ నాటకం చాలనీ అనిపించింది.

చాయ్ తీసుకుని అరుగు దగ్గరికి వెళ్లింది.

“కొత్తదాండ్ల గూడ వచ్చిందా, బిడ్డా?”

“వచ్చింది మామా.”

“నాకెరుకే,” అని మల్లేశం గ్లాసు అందుకున్నాడు.

“ఇగ మన నడుమ దాపరికమెందుకు మామా? నేనేమనుకోను. పగటిపూటనే కూసోని గీయున్రి. పాస్‌వర్డ్ ఎట్ల దొరికిందని గూడ అడగ.”

గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది.

“నేను గీసుడేంది?”

“ఆర్నెల్ల సంది మీరే గద మామా...”

మల్లేశం గ్లాసు కింద పెట్టాడు. తెరిచి ఉన్న తలుపులోంచి, లోపల వెలుగుతున్న ల్యాప్‌టాప్ వైపు చూశాడు.

“నువ్వు గీస్తున్నవనుకున్న, బిడ్డా.”