మూడో తుపాకీ

పాస్కో పోయిన రోజే అతని తుపాకీ కూడా కనిపించకుండా పోయింది.

“ఆ ఒక్కటీ తేలితే చాలు, పెద్దాయనా,” అన్నాడు కార్పొరల్ హాల్‌క్రో, బల్ల మీద తూటాను వేలితో దొర్లిస్తూ. “ఇది ఠాణా తూటా. ఠాణాకి ఉన్నవి మూడు తుపాకులు. నాది నా దగ్గరుంది, నీది నీ దగ్గరుంది. మూడోది ఎవడి దగ్గరుంటే వాడే చంపాడు.”

ఉయరాక్ మూడు నెలలుగా వింటున్న మాటే అది. పన్నెండేళ్ళుగా ఆ ఠాణాకి వేటగాడూ, కుక్కల బండి నడిపేవాడూ అతనే. సముద్రం మీద మంచు ఇంకా గట్టిగా ఉన్న రోజుల్లో, కుర్ర పోలీసు పాస్కో శవాన్ని బండిలో వేసుకొచ్చింది అతనే. ఆ తూటాని ఒంట్లోంచి తీసి, కడిగి, కార్పొరల్ చేతిలో పెట్టింది అతని భార్య నివియాక్.

ఆమె ఇప్పుడు పొయ్యి పక్కన కూర్చుని కార్పొరల్ బూట్లు బాగుచేస్తోంది.

“నిన్న పెట్టిన రొట్టె అలాగే ఉంది, నాయనా,” అంది. “నీకంటే కుక్కలు నయం. పెట్టగానే తింటాయి.”

“ఆకలి లేదమ్మా. ఆ ఉదయం నేనూ వాడితో వెళ్ళాల్సింది. గుట్ట మీద కూర్చుని ఎలుగుబంటి మీద కాల్పులు మొదలుపెట్టాను. అది చాలక, దానికి గాయమైందేమో చూడమని పెద్దాయన్ని కూడా పంపేశాను. వాడు ఒక్కడే అయిపోయాడు.”

“కాల్చడం కాదులే, భయపెట్టడం,” అంది నివియాక్. “ఇన్నేళ్ళలో నీ గురి దేనికైనా తగిలిందా? ఆ ఎలుగుబంటి ఈపాటికి చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తూ ఉంటుంది.”

హాల్‌క్రో పెదవులు కొంచెం కదిలాయి. అంతకు మించి నవ్వు రాలేదు.

నవ్వంటే పాస్కోదే. తీరమంతా అతన్ని నవ్వులబ్బాయి అనేవాళ్ళు. నివియాక్ కొలత తీసుకోకుండా, కంటితో చూసి, అతనికి తెల్లటి ఎలుగుబంటి తోలుతో చొక్కా, లాగు కుట్టింది. మంచు మీద పడుకున్న సీలు జంతువు దగ్గరికి పొట్ట మీద ఎలా పాకాలో, అది తలెత్తితే తనూ ఎలా తలెత్తాలో ఉయరాక్ నేర్పాడు. పాస్కో ఠాణా నేల మీద ఆ చివరి నుంచి ఈ చివరికి పాకుతుంటే హాల్‌క్రో పడీ పడీ నవ్వి, చేతిలో టీ అంతా ఒళ్ళో పోసుకున్నాడు. కొత్త బట్టలు తొడుక్కుని పాస్కో వేటకి వెళ్ళింది ఒకే ఒక్కసారి.

“ఓడ రాగానే కుపాక్‌ని ఎక్కిస్తాను,” అన్నాడు హాల్‌క్రో.

నివియాక్ సూది ఆగింది. కుపాక్ ఆమె అన్న కొడుకు.

“వాడేం చేశాడు?”

“చలికాలంలో వాడి బండికి ముందు నడిచే కుక్కకి పిచ్చెక్కితే పాస్కో కాల్చేశాడు. ఆ కోపం వాడికుంది. ఇప్పుడేమో పుట్టిన కొడుక్కి పాస్కో పేరు పెట్టాడు. తప్పు చేసినవాడు కాకపోతే చచ్చినవాడి పేరు ఎందుకు పెట్టుకుంటాడు?”

“నవ్వులబ్బాయి మళ్ళీ మన మధ్యకి రావాలని పెట్టుకున్నాడు, నాయనా. ఇష్టం లేనివాడి పేరు కొడుక్కి ఎవరైనా పెడతారా?”

“అదంతా పట్నంలో జడ్జీకి చెప్పమను.”

“జడ్జీ ఏం చేస్తాడు?”

హాల్‌క్రో ఉరి అన్న మాట ఆమె ముందు అనలేకపోయాడు.

కిటికీ దగ్గర నిలబడ్డ ఉయరాక్ అన్నాడు. “ఓడ వస్తోంది.”

హాల్‌క్రో దుర్భిణి తీసి చాలాసేపు చూశాడు. నీళ్ళు తప్ప ఏమీ లేవు. రొట్టె కాలేంత సేపటికి వెంట్రుకంత పొగ కనిపించింది.

అతను గోడకి తగిలించిన సంకెళ్ళు తీశాడు. ఉయరాక్ వచ్చి ఎదురుగా కూర్చుని రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

“కుపాక్ కాదు. నేను.”

“ఏంటి?”

“ఎలుగుబంటి వెనక పంపావు కదా. తిరిగొస్తుంటే మంచు మీద ఏదో పాకుతూ కనిపించింది. సీలు అనుకున్నాను. కళ్ళు మసకేశాయి, వయసైపోయింది. పాకడం నేర్పింది కూడా నేనే.”

“మరి వాడి తుపాకీ?”

“పక్కనే మంచులో పగులు. నీళ్ళలోకి జారిపోయింది. అంచున జారిన గీత చూశాను. దాన్ని ఎవరూ పట్టుకెళ్ళలేదు.”

నివియాక్ తలెత్తి భర్తని చూసింది.

హాల్‌క్రో మొహం చేతుల్లో దాచుకున్నాడు. తర్వాత సంకెళ్ళు మళ్ళీ గోడకి తగిలించి, ముసలాయన భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇది హత్య కాదు. పొరపాటు. అలాగే రాస్తాను. నీ ఠాణా బిళ్ళా, తుపాకీ మాత్రం తీసుకోక తప్పదు.”

“తీసుకో.”

“వాళ్ళమ్మకి కూడా నేనే రాస్తాను. మూడు నెలలు ఇది లోపల పెట్టుకుని ఎలా తిరిగావు? నీ స్థానంలో నేనుంటే బతికుండేవాణ్ణి కాదు, పెద్దాయనా.”

“నాకు తెలుసు,” అన్నాడు ఉయరాక్.

హాల్‌క్రో నిన్నటి రొట్టె తీసి, నిలబడే మొత్తం తినేశాడు. తర్వాత ఒడ్డుకి వెళ్ళాడు.

“రేపట్నుంచి పిల్లలు నిన్ను గుడ్డి వేటగాడంటారు,” అంది నివియాక్.

“అననీ.”

ఆమె సూదీ, నరం దారం అందించింది. ఉయరాక్ చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని ఒక్క తడవలో ఎక్కించి ఇచ్చాడు. కిటికీలోంచి చూస్తే హాల్‌క్రో కుపాక్ కొడుకుని ఎత్తుకుని ఓడ చూపిస్తున్నాడు.

ఆ రోజు మంచు మీద ఎలుగుబంటి అడుగుజాడ ఒక్కటీ లేదని ఉయరాక్ అతనికి ఇంకా చెప్పలేదు.